అద్దె ఎంతొస్తుందో మీరు రాయలేదు

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. నేనూ మావారూ ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. అద్దె ఇంట్లో ఉంటున్నాం, ఇప్పట్లో మారే ఉద్దేశం లేదు. ఇన్నేళ్లూ దాచుకున్న డబ్బు ఒక చిన్న ఫ్లాటు ధరలో నాలుగో వంతు ఉంటుంది. దాంతో ఒక ఫ్లాటు కొని అద్దెకిద్దామనుకుంటున్నాం. ధరలో 80 శాతం లోన్ ఇస్తామని బ్యాంకువాళ్లు అంటున్నారు. మా బాబాయి అయితే “ఇల్లు కొని నష్టపోయినవాణ్ని నేనింతవరకూ చూడలేదు, పదేళ్లలో రెట్టింపవుతుంది, ఆలోచించకండి” అంటున్నారు. రెండు ఫ్లాట్లు చూశాం. ఒకటి ఇంకా కడుతున్నారు, రెండేళ్లలో ఇస్తామంటున్నారు, ధర కాస్త తక్కువ. రెండోది కట్టి 12 ఏళ్లయింది, అందులో అద్దెకుంటున్నారు. ఏది కొనాలి? ఇంకో మాట. మా చెల్లి కూడా కొంత డబ్బు పెట్టి మాతో కలుస్తానంటోంది. కలుపుకోవచ్చా? ఈ విషయాల్లో మాకు ఓనమాలు కూడా రావు.

సమాధానం: మీ ఉత్తరంలో ధర సంగతి ఉంది, లోన్ సంగతి ఉంది, పదేళ్ల తర్వాత ఎంతవుతుందన్న మీ బాబాయిగారి మాట ఉంది. లేనిదల్లా ఒక్కటే. ఆ ఫ్లాటుకి నెలకి అద్దె ఎంతొస్తుంది? అద్దెకిచ్చేందుకే కొంటున్నామని చెప్పి, అద్దె ఊసెత్తకుండానే ఉత్తరం ముగించారు. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. మొదటిసారి కొనేవాళ్లలో చాలామంది ఇలాగే ఉంటారు. ధర గురించి నలుగురూ నాలుగు మాటలు చెబుతారు, అద్దె గురించి ఎవరూ చెప్పరు. కానీ ఈ ఇల్లు మీ నెత్తిన భారమవుతుందా, ఆసరా అవుతుందా అన్నది తేల్చేది అద్దే. కాబట్టి ముందు ఆ లెక్క వేద్దాం. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

ఫ్లాటు ధర 100 అనుకుందాం. మీ దగ్గరున్నది 25. బ్యాంకు 80 ఇస్తే మీరు వేయాల్సింది 20. మిగిలిన 5 చేతిలో ఉంటుందనుకుంటున్నారేమో, ఉండదు. రిజిస్ట్రేషన్, ప్రభుత్వానికి కట్టే పన్నులు, లాయరు ఫీజు, మధ్యవర్తి కమిషన్, బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు అంటూ వరసగా వస్తాయి. ఇవి చోటును బట్టి మారతాయి గానీ, ధరలో 5 శాతమైనా వీటికి పోతుందనుకోవడం మంచిది. కొన్నిచోట్ల ఇంకా ఎక్కువే. అంటే తాళాలు చేతికొచ్చే రోజుకి మీ పొదుపు సున్నా. ఈ సున్నా సంగతి మళ్లీ మాట్లాడదాం.

ఇప్పుడు ఆదాయం. ఏడాదికి అద్దె 5 వస్తుందనుకుందాం. ఒక మనిషి ఖాళీ చేసి ఇంకొకరు చేరేలోపు ఏడాదిలో ఒక నెల పోతే 0.4 తగ్గింది. రిపేర్లకి ఏటా ధరలో 1 శాతం పక్కన పెట్టమని ఒక మోటు లెక్క చాలాచోట్ల చెబుతారు. మోటు అని ఎందుకంటున్నానంటే, స్థలం రేటు పెరిగినంత మాత్రాన గోడలు ఎక్కువ చెమ్మ పట్టవు, పైపులు ఎక్కువ కారవు. అయినా మొదలుపెట్టడానికి ఏదో ఒక అంకె కావాలి కదా, 1 తీసేద్దాం. ఇంటి పన్ను, ఇన్సూరెన్స్, అపార్టుమెంటు మెయింటెనెన్సులో ఓనరు భరించే భాగం, అన్నీ కలిపి 0.6 అనుకోండి. చివరికి మిగిలింది 3. అద్దె 5 అని చెప్పుకునే ఇంటి నికర ఆదాయం 3 అన్నమాట. అమ్మేవాళ్లు ఎప్పుడూ 5 గురించే చెబుతారు.

ఇక అప్పు. 80 లోన్, 9 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అయితే ఏడాదికి కట్టే ఈఎంఐలు మొత్తం 8.64. చేతికొచ్చిన 3 అందులో వేసేస్తే ఇంకా 5.64 మీ జీతాల్లోంచి పోవాలి. నెలకి 0.47. అద్దె చూస్తే నెలకి 0.42 దగ్గర ఉంది. అంటే ఆ ఇంట్లో ఉండేవాళ్లు కట్టే అద్దెకంటే, ఆ ఇంట్లో ఉండని మీరు నెలనెలా ఎక్కువ కడతారు. మీరుంటున్న ఇంటి అద్దె దీనికి అదనం.

“అయితేనేం, అప్పు తీరుతోంది కదా” అంటారు. తీరుతోంది, కానీ మీరనుకున్నంత వేగంగా కాదు. మొదటి ఏడాది కట్టిన 8.64లో దాదాపు 7.14 వడ్డీకే పోతుంది, అసలు తగ్గేది 1.5. పదేళ్లు, అంటే సరిగ్గా సగం గడువు కట్టాక కూడా 80లో ఇంకా 57 దగ్గర బాకీ ఉంటుంది.

ఈ పదేళ్లలో మీ చేతినుంచి పోయింది ఎంత? మొదట 25, తర్వాత ఏటా 5.64 చొప్పున 56. మొత్తం 81. ఇప్పుడు ఇల్లు అమ్మారనుకోండి. అమ్మడానికయ్యే ఖర్చు 2.5 శాతం తీసేద్దాం, లాభం మీద పన్ను ప్రస్తుతానికి వదిలేద్దాం. మీ బాబాయిగారు చెప్పినట్టే ధర రెట్టింపై 200 అయితే, బాకీ తీర్చాక మీ చేతికి 138 వస్తుంది. బాగుంది. అయితే అది మీరు పెట్టిన డబ్బు మీద ఏడాదికి సుమారు 8 శాతం రాబడి. అప్పు మీద మీరు కట్టింది 9 శాతం! ధర రెట్టింపు కాకుండా 150 దగ్గర ఆగితే చేతికొచ్చేది 89, ఏడాదికి ఒకటిన్నర శాతం. ధర అసలు పెరగకుండా 100 దగ్గరే ఉంటే వచ్చేది 40, పెట్టినదాంట్లో సగం పోయినట్టే. అద్దె ఏటా పెరుగుతుంది కాబట్టి నిజంలో లెక్క ఇంతకంటే కొంత మెరుగ్గా ఉండొచ్చు. కానీ మొదటి నాలుగైదేళ్ల బరువు మాత్రం అలాగే ఉంటుంది, చేతిలో డబ్బు తక్కువగా ఉండేది ఆ ఏళ్లలోనే.

నేను చెప్పదలచుకున్నది ఇక్కడుంది. ఖర్చులన్నీ పోగా మిగిలిన అద్దె ధరలో ఎంత శాతమో చూడండి. పై లెక్కలో అది 3 శాతం. దాన్ని లోన్ వడ్డీ పక్కన పెట్టండి. 3కి, 9కి మధ్య ఉన్న ఖాళీని ఎవరు పూడుస్తారు? ధర పెరిగితే అది పూడుస్తుంది. పెరగకపోతే మీ జీతం పూడుస్తుంది. ఆ ఖాళీ ఎంత పెద్దదైతే మీరు అంత తక్కువ అప్పు చేయాలి. బ్యాంకు 80 ఇస్తానంది కాబట్టి 80 తీసుకోవాలని లేదు. మీ జీతాలు చూసి, ఇల్లు తాకట్టు పెట్టుకుని ఇస్తోంది. ఈ పెట్టుబడి మీకు కలిసొస్తుందా లేదా అన్నది బ్యాంకుకి సంబంధం లేని ప్రశ్న.

అదే 100 ధరకి అద్దె 8 వచ్చే ఫ్లాటు దొరికి, మీరు 60 మాత్రమే అప్పు చేశారనుకోండి. అవే ఖర్చులు తీసేస్తే మిగిలేది 5.7, ఏడాది ఈఎంఐలు 6.5. జేబులోంచి వేయాల్సింది ఏటా 0.8. ఇలాంటి ఇంటిని ధర పెరిగినా పెరగకపోయినా నిలబెట్టుకోవచ్చు. ఇలాంటివి దొరకడం కష్టం, ఒప్పుకుంటాను. నగరాల్లో మెరిసే కొత్త పేటల్లో అసలు దొరకవు. కాస్త పాతబడిన, చూడ్డానికి సాదాగా ఉండే, ఉద్యోగాలకీ ఆసుపత్రులకీ దగ్గరగా ఉండి అద్దెకి ఎప్పుడూ ఎవరో ఒకరు అడిగే చోట్ల దొరుకుతాయి. మీరు అక్కడ ఉండాలని ముచ్చటపడకపోవచ్చు. ఉండబోయేది మీరు కాదు కదా.

ఇప్పుడు బాబాయిగారి మాట. ఆయన అబద్ధం చెప్పడం లేదు, ఆయన చూసిన కాలంలో, ఆయన చూసిన చోట అలాగే జరిగి ఉంటుంది. పైగా నష్టపోయినవాళ్లు పెళ్లిళ్లలో ఆ సంగతి చెప్పుకోరు. ముందు “పదేళ్లలో రెట్టింపు” అన్నదాన్ని శాతంలోకి మారిస్తే ఏడాదికి 7.2 వస్తుంది. “పదిహేనేళ్లలో రెట్టింపు” అయితే 4.7. ఎవరైనా రెట్టింపు, మూడింతలు అన్నప్పుడల్లా ఎన్నేళ్లలో అని అడగండి. ఏళ్లు చెప్పకపోతే ఆ మాట లెక్కకి పనికిరాదు.

ధరలు తగ్గవన్నది కూడా చరిత్ర ఒప్పుకోదు. అమెరికాలో ఇళ్ల ధరలు 2006లో శిఖరం చేరి, 2012 కల్లా దేశవ్యాప్తంగా సగటున నాలుగో వంతుకి పైగా పడిపోయాయి. లాస్ వేగాస్‌లో సగానికంటే ఎక్కువ పోయింది. జపాన్ నగరాల్లో 1991లో భూమి ధరలు పడడం మొదలై, దశాబ్దానికి పైగా పడుతూనే ఉన్నాయి. ఇంకా పాత ఉదాహరణ ఆమ్‌స్టర్‌డామ్‌ది. అక్కడ హేరెన్‌గ్రాఖ్ట్ అనే కాలువ గట్టున ఉన్న ఇళ్లు 1628 నుంచి 1973 వరకు ఏ ధరలకి చేతులు మారాయో పీట్ ఐక్‌హోల్ట్స్ అనే డచ్చి ఆర్థికవేత్త లెక్కగట్టారు. ద్రవ్యోల్బణం తీసేస్తే ఆ 345 ఏళ్లలో ధర పెరిగింది దాదాపు రెండింతలు మాత్రమే! మధ్యలో ఎన్నోసార్లు ఎగిరి పడింది. అది నగరంలోకెల్లా ఖరీదైన వీధి, ఎప్పుడూ గిరాకీ ఉన్న వీధి.

అలాగని ఇల్లు చెడ్డ పెట్టుబడి అనడం లేదు. 16 అభివృద్ధి చెందిన దేశాల్లో 1870 నుంచి 2015 దాకా లెక్కలు తీసిన ఆర్థికవేత్తల బృందం ఒకటి, ఇళ్ల మీద వచ్చిన మొత్తం రాబడి షేర్ల రాబడితో సరితూగిందని తేల్చింది. అయితే ద్రవ్యోల్బణం తీసేసి చూస్తే ఆ రాబడిలో పెద్ద భాగం ధర పెరగడం వల్ల రాలేదు, అద్దె వల్ల వచ్చింది. ఇల్లు కొని బాగుపడ్డ తరాలు ఎక్కువగా అద్దె వల్లే బాగుపడ్డాయి. మీరు మొదలుపెట్టాల్సిన అంకె అద్దె అని అనడానికి నాకున్న పెద్ద ఆధారం ఇదే.

ఇక ఆ సున్నా దగ్గరికి వద్దాం. అమెరికా పతనంలో చితికిపోయినవాళ్లు ఎవరు? ధర పడినప్పుడు ఇల్లు ఉన్న అందరూ కాదు. పడ్డ ధరకి అమ్మక తప్పనివాళ్లు, వాయిదాలు కట్టలేక ఇల్లు బ్యాంకుకి వదులుకున్నవాళ్లు. ఉద్యోగం నిలిచి, వాయిదాలు కట్టుకుంటూ కూర్చున్నవాళ్లలో చాలామంది బయటపడ్డారు, దేశ సగటు ధర 2016 నాటికి మళ్లీ పాత శిఖరం దాటింది. ఇద్దరూ కొన్నది అదే రకం ఇళ్లే. తేడా ఎక్కడుందంటే, ఒకరి చేతిలో ఊపిరి పీల్చుకునేంత డబ్బుంది, ఇంకొకరికి లేదు.

అప్పు తెచ్చి కొన్నప్పుడు ఈ తేడా ఇంకా పదునెక్కుతుంది. మీది 20, అప్పు 80 అయితే, ధర 10 శాతం పెరగ్గానే మీ 20 కాస్తా 30 అవుతుంది, 50 శాతం లాభం. ఈ లెక్క చూపించే అమ్మేవాళ్లు మిమ్మల్ని ఊరిస్తారు. అదే ధర 10 శాతం తగ్గితే మీ 20లో సగం ఎగిరిపోతుంది. 20 శాతం తగ్గితే మీ వాటా మిగలదు, అప్పు మాత్రం మిగులుతుంది.

వడ్డీ కూడా మీ చేతిలో ఉండదు. మారే వడ్డీ లోన్ తీసుకున్నారనుకోండి. 9 శాతం 10 అయింది. ఈఎంఐ పెంచకుండా గడువు పెంచుతామని బ్యాంకు మెసేజ్ పంపుతుంది. మీరు హమ్మయ్య అనుకుంటారు. కానీ 240 నెలల్లో తీరాల్సిన అప్పు ఇప్పుడు 314 నెలలు పడుతుంది. ఒక్క శాతానికి ఆరేళ్లు! అందుకే లోన్ పేపర్ల మీద సంతకం పెట్టే ముందు, వడ్డీ 2 శాతం పెరిగినా, ఫ్లాటు మూడు నెలలు ఖాళీగా ఉన్నా, మీ ఇద్దరిలో ఒకరి జీతం ఆగినా ఏడాదిపాటు నెట్టుకురాగలమా అని లెక్క వేయండి. మూడూ ఒకేసారి రావని ధైర్యం చెప్పుకోకండి. ఆర్థిక మాంద్యం వచ్చినప్పుడు ఉద్యోగాలు పోవడం, అద్దెకు మనుషులు దొరక్కపోవడం కలిసే వస్తాయి.

ఆ ఏడాది ఖర్చుకి సరిపడా డబ్బు విడిగా, ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగే చోట లేకపోతే మీరు కొనడానికి ఇంకా సిద్ధంగా లేరు. సూటిగా చెబుతున్నందుకు ఏమీ అనుకోకండి. మీ 25 మొత్తం ఈ ఫ్లాటులో పోసేయడం నాకు నచ్చలేదు. ఇంకో రెండేళ్లు దాచండి, లేదా ఇదే డబ్బుతో ఇంకా చిన్న ఇల్లు చూడండి. ఈ రెండేళ్లలో ధర పెరిగిపోతుందని టెన్షన్ పడతారని తెలుసు. పెరగొచ్చు కూడా. కానీ బలవంతంగా అమ్ముకోవాల్సి వస్తే పోయేదాంతో పోలిస్తే అది చిన్న నష్టం.

ఇక మీరడిగిన రెండు ఫ్లాట్లు. కడుతున్నదాని ధర తక్కువగా ఉండడానికి కారణం ఉంది. ఆ తేడా మీరు మోసే రిస్కుకి ఇచ్చే కూలి. రెండేళ్లపాటు అద్దె రాదు, లోన్ మీద వడ్డీ మాత్రం నడుస్తుంది. రెండేళ్లు నాలుగేళ్లయితే ఆ తక్కువ ధర కాస్తా హుళక్కి. పెద్ద కంపెనీ కదా అన్న భరోసా కూడా చాలదు. చైనాలో ఎవర్‌గ్రాండ్ ఒకప్పుడు ఆ దేశపు అతిపెద్ద బిల్డర్లలో ఒకటి. 2021లో అప్పులు తీర్చలేక చేతులెత్తేసింది, 2024 జనవరిలో దాన్ని మూసేయమని హాంకాంగ్ కోర్టు ఆదేశించింది. ఆ గొలుసులో ఎన్నో కంపెనీల ప్రాజెక్టులు సగంలో ఆగాయి. 2022లో చాలా నగరాల్లో కొనుగోలుదారులు, పూర్తికాని ఇళ్లకి మేం వాయిదాలు కట్టం అని తెగేసి చెప్పేదాకా వచ్చింది. మొదటిసారి కొనేవాళ్లు, అదీ చేతిలో మిగులు లేనివాళ్లు, ఈ రకం జోలికి పోకపోతేనే మంచిది.

పన్నెండేళ్ల ఫ్లాటు వైపే నేను మొగ్గుతాను. అది అందంగా ఉంటుందని కాదు, దాని గురించి తెలుసుకోవడానికి ఆధారాలు ఉన్నాయని. అద్దె ఎంతో అడగక్కర్లేదు, ఒప్పందం చూపించమనండి, ఏడాదిపాటు ఓనరు ఖాతాలో పడ్డ అద్దె చూపించమనండి. అమ్మే ముందు ఎవరో బంధువుని ఎక్కువ అద్దెకి పెట్టి చూపించే మోసాలు ఉన్నాయి కాబట్టి, అదే భవనంలో పక్క ఫ్లాట్లవాళ్లు ఎంత కడుతున్నారో కూడా కనుక్కోండి. అద్దెకున్నవాళ్లతో నేరుగా మాట్లాడండి. నీళ్లు ఎలా వస్తాయి, ఏ గోడ చెమ్మ పడుతుంది, లిఫ్టు ఎన్నిసార్లు ఆగుతుంది, పై ఫ్లాటు బాత్రూం కింద మరక ఉందా, వాళ్లకంటే బాగా ఎవరూ చెప్పలేరు. వాళ్లిచ్చిన అడ్వాన్సు మీకు ఎలా బదిలీ అవుతుందో రాతపూర్వకంగా తేల్చుకోండి, లేకపోతే ఓనరు తీసుకున్న డబ్బు మీరు తిరిగివ్వాల్సి వస్తుంది. అపార్టుమెంటు సంఘం దగ్గర రిపేర్ల నిధి ఎంతుందో అడగడం చాలామంది మరిచిపోతారు. 12 ఏళ్ల భవనానికి లిఫ్టు, టెర్రస్ లీకేజీ, రంగులు, పైపులు అన్నీ దాదాపు ఒకే కాలంలో మీద పడతాయి. నిధి ఖాళీగా ఉంటే ఆ బిల్లు మీరు కొన్న మరుసటి ఏడాదే మీ గుమ్మంలోకి వస్తుంది. దాన్ని చూపించి ధర తగ్గించమని అడగడంలో తప్పేమీ లేదు. వానాకాలంలో ఒకసారి, రాత్రిపూట ఒకసారి వెళ్లి చూడండి.

కొలతల దగ్గర జాగ్రత్త. కాగితం మీద 1,200 చదరపు అడుగులని ఉన్న ఫ్లాటులో మెట్లూ, వరండా, లిఫ్టు వాటా పోగా లోపల కాలు పెట్టగలిగే కార్పెట్ ఏరియా 840 మాత్రమే ఉండొచ్చు. అడుగు 100 అని చెప్పిన రేటు నిజానికి 143 అన్నమాట. రెండు ఫ్లాట్లని పోల్చేటప్పుడు కార్పెట్ ఏరియాతోనే పోల్చండి. భూమిలో మీ వాటా ఎంతో కూడా చూడండి. భవనం ఏటేటా అరిగిపోతుంది, పెరిగేది భూమి విలువ. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 14 దేశాల్లో ఇళ్ల ధరలు పెరిగినదాంట్లో దాదాపు 80 శాతానికి భూమి ధరే కారణమని ఒక పరిశోధన తేల్చింది. చిన్న స్థలంలో అంతస్తు మీద అంతస్తు వేసిన భవనంలో ఒక్కో ఫ్లాటుకి దక్కే భూమి చాలా తక్కువ ఉంటుంది.

పత్రాల విషయంలో ఒక అపోహ మాత్రం పోగొట్టుకోండి. రిజిస్ట్రేషన్ అయిందంటే హక్కు ఖాయమైనట్టేనని చాలామంది అనుకుంటారు. ఆస్ట్రేలియాలో 1858లో టారెన్స్ అనే రాజకీయ నాయకుడు తెచ్చిన పద్ధతి లాంటిది ఉన్న చోట్ల అది చాలావరకు నిజం. అక్కడ ప్రభుత్వ రిజిస్టరులో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని, ఆ మాటకి ప్రభుత్వానిదే పూచీ. ఆ పద్ధతి లేని దేశాలు చాలా ఉన్నాయి. అక్కడ రిజిస్ట్రేషన్ అంటే ఫలానా వ్యక్తి ఫలానా వ్యక్తికి అమ్మినట్టు నమోదైందని మాత్రమే. అమ్మినవాడికి అమ్మే హక్కుందా అన్నది మీరు చూసుకోవాల్సిందే. ఆస్తి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పే పాత దస్తావేజులు తెగకుండా ఉన్నాయా, తాకట్టు బాకీలు తీరాయా, కోర్టు కేసులు, వారసుల పేచీలు ఉన్నాయా, కట్టడానికి అనుమతి ఉన్నన్ని అంతస్తులే కట్టారా, ఇవి చూడ్డానికి మీ సొంత లాయర్ని పెట్టుకోండి. అమ్మేవాళ్లు సూచించిన లాయరు వద్దు. “బ్యాంకు చూసి లోన్ ఇచ్చింది కదా” అన్నది కూడా సరిపోదు. బ్యాంకు తన అప్పు వరకు చూసుకుంటుంది, మీ 25 సంగతి దానికి పట్టదు.

అద్దెకిచ్చేటప్పుడు ఎక్కువ అద్దె కోసం ఖాళీగా ఉంచకండి. 5 శాతం ఎక్కువ రావాలని ఒక నెల ఆగితే, ఆ పోయిన నెల అద్దె పూడడానికి 20 నెలలు పడుతుంది. సమయానికి కట్టే, ఇల్లు శుభ్రంగా ఉంచే మనిషిని పోగొట్టుకోవడం కంటే కాస్త తక్కువ అద్దె నయం. ఇక “రెండేళ్లపాటు గ్యారంటీ అద్దె మేమే ఇస్తాం” అనే ప్రకటనలు కనిపిస్తే, ఆ అద్దె ముందే ధరలో కలిపేశారేమో చూడండి. చాలాసార్లు మీ డబ్బే మీకు నెలనెలా తిరిగిస్తుంటారు, గ్యారంటీ అయ్యాక అసలు అద్దె బయటపడుతుంది.

అప్పు లేకుండా, చిన్న మొత్తంతో ఈ రంగం రుచి చూడాలనుకుంటే రీట్లు ఉన్నాయి. అద్దెలొచ్చే ఆస్తుల్లో చిన్న చిన్న యూనిట్లు కొనుక్కునే ఏర్పాటు ఇది, అమెరికాలో 1960 నాటి చట్టంతో మొదలై చాలా దేశాలకి పాకింది. కొన్ని దేశాల్లో నివాస గృహాలవీ ఉంటాయి, ఇంకొన్ని చోట్ల ఆఫీసులు, మాల్సే ఎక్కువ. దాని ధర కూడా షేర్లలాగే పైకీ కిందకీ పోతుంది. కానీ అర్ధరాత్రి పైపు పగిలిందని మీకు ఫోన్ రాదు, డబ్బు అవసరమైతే పది యూనిట్లు అమ్ముకోవచ్చు. ఫ్లాటులో ఒక గది అమ్ముకోలేరు. ఇంకో రెండేళ్లు దాచమన్నాను కదా, ఆ కాలంలో కొద్దిగా వీటిలో పెట్టి అద్దె ఆదాయం ఎలా ఉంటుందో చూడొచ్చు. ఏడాది ఖర్చుకి దాచే డబ్బు మాత్రం ఇందులో పెట్టకండి.

మీ చెల్లెలి సంగతి. కలుపుకోవచ్చు. ఆమె వాటా వల్ల అప్పు తగ్గితే ఈ లెక్క మొత్తం మెరుగవుతుంది కూడా. కానీ అక్కచెల్లెళ్లం, మధ్యలో కాగితాలెందుకు అనుకోకండి. ముఖ్యంగా మూడు సంగతులు ముందే మాట్లాడుకోవాలి. ఎవరి వాటా ఎంతో దస్తావేజులోనే శాతాల్లో రాయించుకోండి, ఇద్దరి పేర్లూ రాసి వదిలేస్తే చాలాచోట్ల చెరిసగం అన్న అర్థం వస్తుంది. ఒక నెల ఒకరు తన వంతు ఈఎంఐ వేయలేకపోతే ఇంకొకరు వేసింది అప్పుగా లెక్కా, వాటా మారుతుందా అన్నది తేల్చుకోండి. ఉమ్మడి లోన్ అయితే బ్యాంకు మొత్తం బాకీ ఎవరినైనా అడగగలదని మీ చెల్లికి తెలియాలి. రేపు ఆమె సొంతిల్లు కొనుక్కోవాలంటే ఈ లోన్ ఆమె అర్హతని తగ్గిస్తుందని కూడా తెలియాలి. ఒకరు బయటికి వెళ్లిపోతానంటే వాళ్ల వాటా ధర ఎవరు తేల్చాలి, డబ్బివ్వడానికి ఎంత గడువు అన్నది అన్నిటికంటే ముఖ్యం. ఇద్దరికీ సంబంధం లేని వాల్యుయర్ చెప్పిన ధరకి, ఆరు నెలల గడువుతో, మొదట రెండోవాళ్లకే కొనే హక్కు ఉండేలా రాసుకోండి. ఈ కాగితం మీద మీవారు, మీ చెల్లికి పెళ్లయి ఉంటే ఆమె భర్త కూడా సాక్షులుగా సంతకం పెడితే ఇంకా మంచిది.